చట్టంలో పులి పక్కన, నేల మీద బంజరులో: ఉడుము బతుకు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని మొదటి షెడ్యూలులో పులి, ఏనుగు, బట్టమేక పిట్ట వంటి జీవుల సరసన ఉడుము కూడా ఉంది. దానిని చంపినా, పట్టినా, అమ్మినా, దాని చర్మాన్నో కొవ్వునో దగ్గర పెట్టుకున్నా పడే శిక్ష పులి విషయంలో పడే శిక్షతో సమానం. 2022 సవరణ తర్వాత అది కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. అయితే పులిని జీవితంలో ఒక్కసారైనా అడవిలో చూసినవారు మనలో ఎంతమంది ఉంటారో చెప్పలేము గానీ, పల్లెలో పుట్టి పెరిగినవారిలో ఉడుమును చూడనివారు అరుదు. చెరువు గట్టున, చింతతోపులో, బావి పక్కన పాడుబడిన మోటారు గదిలో, చివరికి ఊరవతల కొత్తగా వేసిన ప్లాట్లలో కూడా అది ఎదురవుతూనే ఉంటుంది. ఇంత మామూలుగా కనిపించే జంతువుకు అంత కఠినమైన రక్షణ ఎందుకు అవసరమైంది, అంత రక్షణ ఉన్నా అది ఎందుకు తగ్గిపోతోంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దాని శరీరంలో, అది నివసించే నేలలో, ఆ నేలకు ప్రభుత్వ కాగితాలలో మనం పెట్టిన పేరులో కలగలిసి ఉంది.

భారతదేశంలో నాలుగు జాతుల ఉడుములున్నాయి. ఈశాన్య రాష్ట్రాలు, బెంగాల్, ఒడిశా తీరపు మడ అడవులు, అండమాన్ దీవులలో నీటి ఉడుము, ఉత్తరాది నదీ మైదానాలలో పసుపు ఉడుము, రాజస్థాన్, గుజరాత్ ఎడారులలో ఎడారి ఉడుము ఉంటాయి. వీటన్నిటికంటే విస్తృతంగా, దాదాపు దేశమంతటా కనిపించేది నాలుగవది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉడుము అనగానే అందరికీ తెలిసేది ఇదే. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ దీనిని వర్ణించాడు. ప్రస్తుత శాస్త్రీయ నామం వారానస్ బెంగాలెన్సిస్. పేరులో బెంగాల్ ఉన్నా దీని విస్తృతి ఇరాన్ ఆగ్నేయ భాగం నుంచి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, భారత్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్‌ల మీదుగా మయన్మార్ దాకా ఉంది. పూర్తిగా ఎదిగినది ముక్కు నుంచి తోక కొస వరకు 175 సెంటీమీటర్ల దాకా పెరగగలదు, అందులో సగానికి మించి తోకే. బాగా బలిసిన మగది 7 కిలోల వరకు తూగుతుంది. పిల్లల ఒంటి మీద నల్లటి అడ్డపట్టీలు, పసుపు చుక్కలు స్పష్టంగా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి వెలిసిపోయి మట్టి రంగు మిగులుతుంది. పిల్ల ఉడుమును చూసి మొసలి పిల్ల అనో, ఏదో కొత్త విష జంతువు అనో జనం హడలిపోవడానికి ఈ రంగుల తేడాయే ప్రధాన కారణం. దీనిని గుర్తుపట్టడానికి తేలికైన ఆనవాలు ముక్కు రంధ్రం. అది గుండ్రంగా ముక్కు కొసన ఉండక, ఏటవాలుగా చీలిక మాదిరిగా, కంటికీ మూతి కొసకూ మధ్యలో ఉంటుంది.

ఉడుముకు దట్టమైన అడవే కావాలన్న నియమం లేదు. దక్కన్ పీఠభూమిలో దానికి బాగా నప్పేది ముళ్లపొదలు, రాళ్లగుట్టలు, గడ్డి బీళ్లు, పొలాలు, చెరువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన నేల. తుమ్మ, రేగు, బలుసు, తంగేడు పెరిగే చోట, నల్లరాతి గుండ్ల మధ్య నెర్రెలలో, పాత చింత, మర్రి చెట్ల తొర్రలలో, చెదపుట్టల కలుగులలో అది తలదాచుకుంటుంది. పిల్లలు ఎక్కువగా చెట్ల మీదే కాలం గడుపుతాయి, పెద్దవి నేల మీద తిరుగుతూ అవసరమైతే చెట్టెక్కుతాయి. నీళ్లంటే దానికి బెరుకు లేదు, తరుముకొస్తే చెరువులో దూకి పావుగంటకు పైగా మునిగి ఉండగలదు. అంటే ఒక ఉడుము జీవితకాలం హాయిగా గడవాలంటే పొద, రాయి, తొర్ర, పుట్ట, నీటిచెమ్మ అన్నీ నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉండాలి. ఏ ఒక్కటి సమృద్ధిగా ఉన్నా సరిపోదు. ఈ విషయం ఇక్కడ గట్టిగా చెప్పడానికి కారణముంది, వ్యాసం చివరి భాగమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పొద్దెక్కాక ఉడుము కలుగులో నుంచి తల మాత్రమే బయటపెట్టి కొంతసేపు కదలకుండా ఉంటుంది. తర్వాత ఒళ్లంతా ఎండకు పరచి కాచుకుంటుంది. ఒంట్లో తగినంత వేడి చేరాక వేట మొదలవుతుంది. మెడ కాస్త ఎత్తి, భుజాలు అటూ ఇటూ ఊపుతూ, నాలుగు అడుగులకొకసారి పొడవైన చీలిక నాలుకను బయటకు చాచి నేలను తడిమి లోపలికి లాక్కుంటుంది. పాములాగే ఇది కూడా నాలుకతో వాసన చూస్తుంది. నాలుక రెండు కొనలకు అంటిన వాసన అణువులు అంగిట్లోని జేకబ్సన్ అవయవానికి చేరతాయి, ఏ కొనకు వాసన ఎక్కువ అంటిందో దానిని బట్టి ఎర ఎటు ఉందో తేలుతుంది. వాసన తగిలిన చోట ఆగి, ముందుకాళ్లతో గబగబా మట్టి గోకి, మూతిని లోపలికి దూర్చి, పేడపురుగునో తేలునో పట్టి అక్కడికక్కడే మింగేస్తుంది. ఇలా ఒక పూటలో చాలా దూరం నడుస్తుంది. తొండ ఒక కొమ్మ మీదో రాయి మీదో కూర్చుని ఎర తన దగ్గరకు వచ్చేదాకా కాచుకుంటుంది, ఉడుము ఎరను వెతుక్కుంటూ పోతుంది. ఈ తేడా వెనుక ఊపిరికి సంబంధించిన ఒక చక్కని ఏర్పాటు ఉంది.

బల్లి జాతి జీవులు పరుగెత్తేటప్పుడు ఒళ్లు ఎడమకూ కుడికీ వంగుతుంది. అలా వంచే పక్కకండరాలే ఊపిరి పీల్చడానికి కూడా పనికి రావాలి. ఒకే కండరం ఏకకాలంలో రెండు పనులూ సరిగా చేయలేదు కాబట్టి, చాలా బల్లులు జోరుగా పరుగెత్తేటప్పుడు చాలినంత గాలి పీల్చలేవు, కొద్ది దూరం ఉరికి ఆగిపోవలసి వస్తుంది. ఉడుము ఈ చిక్కును గొంతుతో దాటింది. నడుస్తున్న ఉడుమును దగ్గరగా చూస్తే దాని గొంతు సంచి ఉబ్బుతూ, అణుగుతూ ఉండటం కనిపిస్తుంది. కొలిమి తిత్తిలా ఆ గొంతు గాలిని లోపలికి తీసుకుని, నోరు, ముక్కు మూసి, ఊపిరితిత్తులలోకి నెడుతుంది. ఆఫ్రికా ఉడుముల మీద చేసి 1999లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాలలో ఈ గొంతు పంపును పనిచేయకుండా ఆపినప్పుడు, పరుగులో వాటికి అందే గాలి గణనీయంగా తగ్గిపోయింది. మరో పదిహేనేళ్లకు నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన, అదే జాతి ఉడుము ఊపిరితిత్తులలో గాలి చాలావరకు పక్షులలో మాదిరిగా ఒకే దిశలో ప్రవహిస్తుందని చూపింది. సరీసృపం అనగానే మందకొడి జీవి అన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది, ఉడుము విషయంలో మాత్రం అది చెల్లదు.

దాని పట్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మరాఠా సేనాని తానాజీ 1670లో సింహగఢ్ కోటను పట్టుకున్నప్పుడు, నడుముకు తాడు కట్టిన ఉడుమును గోడ మీదకు విసిరి, ఆ తాడు పట్టుకుని సైనికులు పైకెక్కారని ఒక గాథ ప్రచారంలో ఉంది. మన పల్లెల్లోనూ దొంగలు అలాగే మేడలు ఎక్కేవారని చెప్పుకుంటారు. ఏడు కిలోలకు మించని జంతువు ఒక మనిషి బరువును గోడ మీద నిలబెట్టిందంటే నమ్మడం కష్టం. అయితే ఈ కథలకు మూలమైన గుణం నిజమైనదే. తరిమినప్పుడు ఉడుము రాతి నెర్రెలోనో తొర్రలోనో దూరి, గోళ్లను లోపలి గోడలకు గుచ్చి, ఊపిరి నింపుకుని ఒళ్లు ఉబ్బిస్తుంది. అప్పుడు తోక పట్టి ఎంత లాగినా అది బయటకు రాదు. అడవి కుక్కనో నక్కనో తప్పించుకోవడానికి పనికొచ్చిన ఈ ఉపాయం గడ్డపార ఉన్న మనిషి ముందు ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే అది పారిపోకుండా ఒకే చోట బిగుసుకుని ఉండిపోతుంది.

ఇక దాని ఆహారం. పరిశోధకులు ఉడుముల కడుపులు పరిశీలించినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి పురుగులు, అందులోనూ పెంకుపురుగులు. వాటి తర్వాత మిడతలు, తేళ్లు, జెర్రులు, నత్తలు, ఎండ్రకాయలు, కప్పలు, ఎలుకలు, పక్షుల గుడ్లు, చచ్చిన జంతువుల మాంసం. రైతుకు ఇది చేసే మేలు ఈ జాబితాలోనే ఉంది, గట్లను తొలిచే ఎండ్రకాయలను, పంటను కొరికే మిడతలను, ఎలుకలను అది ఏడాది పొడవునా తింటూ ఉంటుంది. కోడిగుడ్లను, కోడిపిల్లలను ఎత్తుకుపోతుందన్న ఫిర్యాదు కూడా అబద్ధం కాదు, గూడు వదులుగా ఉంటే అది తప్పక వస్తుంది. విషం సంగతి వేరు. ఉడుము జాతి జీవుల దవడలలో విషగ్రంథులను పోలిన గ్రంథులు ఉన్నాయని 2006లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు, వాటి స్రావాలకు ఎంత ప్రభావం ఉందన్న చర్చ నడుస్తోంది. ఎలా చూసినా అది దానంతట అది మనిషి మీద పడి కరిచే జంతువు కాదు. చేతితో పట్టుకోబోతే మాత్రం తోకతో కొరడా దెబ్బలాగా కొడుతుంది, కరుస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బునీటితో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి, నాటుమందుల జోలికి పోకూడదు.

వానాకాలం దాని సంతాన కాలం. ఏప్రిల్ నుంచే మగవి ఆడవాటి కోసం వెనుకకాళ్ల మీద నిలబడి ఒకదానితో ఒకటి కలబడటం మొదలవుతుంది, జూన్, సెప్టెంబర్ నెలల మధ్య జతకడతాయి. ఆడది చదునైన నేలలోనో, నిలువు గట్టులోనో, చాలాసార్లు చెదపుట్టలోనో గొయ్యి తవ్వి ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. పుట్టలో ఎండాకాలపు వేడి, చలికాలపు చలి రెండూ అంతగా చేరవు, లోపల చెమ్మ నిలిచి ఉంటుంది కాబట్టి ఆ ఎంపిక అర్థవంతమైనది. గుడ్లు పెట్టిన తర్వాత గొయ్యిని మట్టితో నింపి, మూతితో పొడిచి పొడిచి గట్టిపరుస్తుంది. తర్వాత ఆ చుట్టుపక్కలే ఉత్తుత్తి గోతులు రెండు మూడు తవ్వి, మట్టిని అటూ ఇటూ చిమ్మి, అసలు గూడు ఎక్కడుందో తెలియకుండా చేస్తుంది. అంతటితో తల్లి బాధ్యత ముగుస్తుంది. గుడ్లు పొదగడానికి ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర నెలలు పడుతుంది. కోడిగుడ్డుకు 21 రోజులు చాలునని తలచుకుంటే ఇది ఎంత సుదీర్ఘమైన నిరీక్షణో అర్థమవుతుంది. ఆ నెలలన్నిటిలో గట్టు గానీ పుట్ట గానీ కదలకుండా ఉండాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఉడుముకు అంత కఠినమైన చట్టం అవసరమవడానికి మొట్టమొదటి కారణం తోలు వ్యాపారం. చేతిసంచులు, బెల్టులు, గడియారపు పట్టీల కోసం దక్షిణాసియా నుంచి ఉడుము తోళ్లు పెద్దఎత్తున విదేశాలకు తరలిపోయేవి. 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం, సైటీస్, ఈ జాతిని మొదటి అనుబంధంలో చేర్చి వాణిజ్యాన్ని నిషేధించింది. దేశంలో చూస్తే, కర్ణాటక సంగీతంలో వాడే కంజీరకు పనస చట్రం మీద ఉడుము తోలు బిగించడం ఆనవాయితీగా ఉండేది, గోవాలోని ఘుమట్ వాద్యానిదీ అదే పరిస్థితి. ఇప్పుడు మేక తోలు, కృత్రిమ తోలు ఆ స్థానంలోకి వచ్చాయి. నాదంలో తేడా ఉందని కళాకారులు అనడంలో నిజం ఉండవచ్చు, అయినా ఆ మార్పును అంగీకరించి వాద్యాన్ని నిలబెట్టుకున్నందుకు వారిని అభినందించాలి. తోలు వ్యాపారం కంటే మొండిగా మిగిలింది మందు పేరిట జరిగే వేట. ఉడుము మాంసం తింటే నడుము నొప్పి పోతుందని, నెత్తురు తాగితే బలం వస్తుందని, కొవ్వు నుంచి తీసిన నూనె కీళ్ల నొప్పులకు దివ్యౌషధమని నమ్మేవారు నేటికీ ఉన్నారు. ఈ నమ్మకాలలో దేనికీ వైద్యపరమైన ఆధారం లేదు. ఈ వ్యాపారంలో దానిని కాళ్లు వెనక్కి విరిచి కట్టి, చల్లని రక్తపు జీవి కనుక తిండీ నీళ్లూ లేకున్నా రోజుల తరబడి ప్రాణంతో ఉంటుందన్న ధైర్యంతో గోనెసంచిలో వేసి ఉంచుతారు.

వీటన్నిటిలో బాగా చదువుకున్నవారిని కూడా మోసం చేసిన వ్యవహారం హత్తా జోడీ. రెండు చేతులు జోడించినట్లుండే ఒక ఎండిన వస్తువును సిందూరంలో ఉంచి, మధ్య భారతపు కొండల్లో దొరికే అరుదైన వేరని, పూజగదిలో పెట్టుకుంటే ధనం నిలుస్తుందని, కోర్టు కేసులు గెలుస్తారని చెప్పి అమ్మేవారు. పూజాసామగ్రి దుకాణాలలోనే కాక, పేరున్న ఆన్‌లైన్ దుకాణాలలోనూ అది దొరికేది. 2017లో వన్యప్రాణి సంరక్షణ సంస్థల పరిశోధనలో అసలు సంగతి బయటపడింది. అది వేరు కాదు, మగ ఉడుము జననాంగాలను కోసి ఎండబెట్టినది. బల్లులలోను, పాములలోను మగవాటికి ఈ అవయవం జతగా ఉంటుంది, ఎండి ముడుచుకున్నప్పుడు అది జోడించిన చేతులలా కనిపిస్తుంది. అమ్మేవారు ఇది గరుడముక్కు మొక్క వేరని చెబుతుంటారు. గరుడముక్కు మెక్సికో ప్రాంతం నుంచి వచ్చి మన బీళ్లలో విరివిగా పెరిగే మామూలు మొక్క, దాని కాయకు రెండు వంకర కొక్కేలుంటాయి. ఆ పోలికను ఆసరా చేసుకుని ఈ కథ అల్లారు. భక్తితో కొన్నవారికి తాము మొదటి షెడ్యూలు నేరంలో భాగస్వాములమన్న సంగతి తెలియదు. ఈ వ్యాపారంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే జీవహింస పేరెత్తితేనే దూరంగా జరిగే శాకాహార కుటుంబాలు కూడా తెలియక దీనిని కొని పూజించి ఉంటాయి.

పట్టుబడేవారి సంగతి కూడా ఆలోచించాలి. ఉడుము కేసులలో జైలుకు వెళ్లేది చాలావరకు దానిని పట్టిన నిరుపేద. వేటే బతుకుగా ఉన్న సంచార, గిరిజన సమూహాలు తరతరాలుగా ఉడుమును ఆహారంగా తీసుకున్నాయి. వారు తమ ఆకలికి పట్టినంత కాలం ఈ జాతికి ముప్పు రాలేదు. గిరాకీ పట్నం నుంచి, మధ్యవర్తుల ద్వారా, డబ్బు రూపంలో వచ్చినప్పుడే వేట హద్దు దాటింది. కొనేవాడిని వదిలి పట్టినవాడినే శిక్షిస్తే గిరాకీ తగ్గదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో లోగడ పెద్దగా ఆందోళన అక్కర్లేని జాతిగా ఉన్న ఉడుము, 2021 అంచనాలో ముప్పు అంచున ఉన్న జాతుల వరుసలోకి మారింది.

రెండవ ప్రశ్నకు వేట ఒక్కటే జవాబు కాదు. చట్టం ఉడుము ఒంటిని కాపాడుతుంది, అది ఉండే చోటును కాపాడదు. పులికి అభయారణ్యం ఉంది, ఏనుగుకు కారిడార్ ఉంది. ఉడుము నివాసంలో అత్యధిక భాగం అడవి శాఖ పరిధిలో లేనే లేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, కేంద్ర భూవనరుల శాఖతో కలిసి ప్రచురించే బంజరు భూముల అట్లాస్‌లో దట్టమైన పొదలున్న భూమి, పలచటి పొదలున్న భూమి అన్న వర్గాలున్నాయి. అవి రెండూ బంజరు కిందే లెక్క. అంటే ఉడుము, కుందేలు, కముజు పిట్ట, నక్క కాపురముండే నేలకు ప్రభుత్వ లెక్కలలో ఉన్న పేరు వృథా భూమి. వృథా అని ఒకసారి రాసుకున్న భూమిని క్వారీకి ఇవ్వడానికీ, లేఅవుట్ చేయడానికీ, సౌర విద్యుత్ కేంద్రానికి కేటాయించడానికీ పెద్దగా అభ్యంతరం రాదు. కరీంనగర్ ప్రాంతంలో గ్రానైట్ కోసం గుట్టలకు గుట్టలే కరిగిపోయాయి. కర్నూలు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర పార్కు వేల ఎకరాలలో పరచుకుంది. సౌర విద్యుత్తు అవసరమే, దానిని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ భూమి అంతకుముందు ఖాళీగా ఉందన్న మాట సరైనది కాదు, అక్కడ ఏమేమి జీవిస్తున్నాయో ముందుగా లెక్కగట్టి ఆ తర్వాత నిర్ణయించడం వేరు, ఖాళీ అనుకుని చదును చేయడం వేరు.

చెరువుల విషయంలో చిక్కు మరింత సున్నితమైనది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయతో వేల చెరువులు పూడిక తీతకు నోచుకున్నాయి. రెండు రాష్ట్రాలలోనూ ఉపాధి హామీ కింద చెరువు, కాలువ పనులు ఎండాకాలంలోనే ఎక్కువగా సాగుతాయి, వ్యవసాయ పనులు లేని రోజులవే కాబట్టి అందులో తప్పు లేదు. వాటితో పాటే గట్టు మీద జంగిల్ క్లియరెన్స్ పేరిట పొదలు నరకడం, కాల్చడం, పుట్టలు చదును చేయడం జరుగుతుంది. వానాకాలంలో పెట్టిన గుడ్లు ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర నెలలు పొదుగుతాయని పైన చెప్పుకున్నాం. ఆ లెక్కన చాలా గూళ్లలో పిల్లలు బయటకు వచ్చేది సరిగ్గా ఎండాకాలం ముందు, ఎండాకాలంలోనే. గట్టులో కలుగులుంటే నీరు కారి గట్టు తెగుతుందన్న నీటిపారుదల ఇంజనీర్ల ఆందోళన న్యాయమైనదే, నీరు తగిలే లోపలి వాలును, తూము పరిసరాలను శుభ్రంగా ఉంచక తప్పదు. అయితే గట్టు దిగువన, కట్టకు దూరంగా ఉన్న పొదలను, పాత పుట్టలను, రైతులు పొలాల అంచున పోసుకున్న రాళ్ల కుప్పలను, తొర్రలున్న ముసలి చెట్లను కూడా అదే ఊపులో తీసేయవలసిన అవసరం ఏ ఇంజనీరింగ్ నియమంలోనూ లేదు. పని అంచనా తయారుచేసేటప్పుడే ఏ భాగం శుభ్రం చేయాలో, ఏ భాగం వదిలేయాలో నక్షాలో గీత గీసి గుర్తిస్తే పనికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు, కూలీలకు ఒక్క పనిదినం తగ్గదు. గ్రామ పంచాయతీ తీర్మానంతో జరగగల పని ఇది.

ఇంట్లోకో పెరట్లోకో ఉడుము వస్తే చేయవలసిందీ చాలా కొద్దే. కుక్కలను కట్టేసి, బయటకు పోయే దారి తెరిచి, జనం దూరంగా జరిగితే చాలావరకు అది దానంతట అదే వెళ్లిపోతుంది. మూల గదిలో ఇరుక్కుంటే అటవీ శాఖకు కబురు చేయాలి. పట్టినదాన్ని ఎక్కడో దూరాన అడవిలో వదిలేయమని అధికారులను ఒత్తిడి చేయడం మంచిది కాదు, దాని కలుగు, దాని నీరు, దానికి తెలిసిన తొర్ర ఆ చుట్టుపక్కలే ఉంటాయి, అంతగా అయితే ఊరి పొలిమేరలోని పొదల దాకా తీసుకెళ్లి వదిలితే సరిపోతుంది.